ఓడిపోయే పక్షానికి పాట కట్టిన పెద్దనాయన

మా పెద్దనాయన పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను మార్కాపురంలో, నేను పనిచేసే ల్యాబులో, ఒక ముసలాయన చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతున్నాను. చేతిలో సూది ఉన్నప్పుడు ఫోను తీయకూడదు. తీశాను. అవతల పెద్దమ్మ. "అమ్మీ, మీ పెద్దనాయన పొద్దున గడ్డం గీసుకుంటా గీసుకుంటా కూలబడినాడు. డాక్టరు వచ్చి చూసి పోయినాడు. ఇంక లేడంట. నువ్వు రా," అని పెట్టేసింది. ఆ గొంతులో ఏడుపు లేదు. పాలు విరిగిపోయాయి, వేరే తీసుకురా అని చెప్పినట్టే చెప్పింది. నేనే ఆ ముసలాయన చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చాను. పాపం, ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మా ఊరి మీదుగా పోయే యర్రగొండపాలెం బస్సులో సీటు దొరికింది కానీ కూర్చోలేకపోయాను. రాడ్డు పట్టుకుని ముందుకీ వెనక్కీ కదులుతుంటే కండక్టరు, "కూర్చోమ్మా, ఎవరిమీదన్నా పడతావు," అని కసిరాడు. మెదడులో ఒకటే గోల. ఆయన్ని ఎక్కడ పూడుస్తారు? మా చర్చి సంఘం ఆయన్ని ప్రభు బల్లకు దూరం పెట్టి చాలా ఏళ్ళయింది. ఆరాధనకు రావచ్చు, రొట్టె ద్రాక్షారసం మాత్రం తీసుకోకూడదు. అట్లాంటి మనిషికి సమాధుల తోటలో చోటిస్తారా? గంట కొడతారా? పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తారా? లేక పెద్దమ్మ ఇవాళ ఆ మాట కూడా వినాల్సి వస్తుందా? బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవరు మీద కోపం వచ్చింది.

పెద్దనాయన చేసిన నేరం ఒక పాట కట్టడం. చెప్తే నవ్వొస్తుంది, కానీ అంతే.

ఆయన హైస్కూల్లో తెలుగు సారు. మా చర్చిలో ప్రతి ఆదివారం అందరం నిలబడి విశ్వాస ప్రమాణం చెప్తాం. కుమారుడు పుట్టించబడినవాడే గాని చేయబడినవాడు కాడని, తండ్రితో ఒకటే తత్వమని అందులో వస్తుంది. నేను చిన్నప్పుడు దాన్ని గడగడా అప్పచెప్తే ఆయన మెచ్చుకోకపోగా, "గిద్దలూరు, కంభం, తర్లుపాడు, మార్కాపురం రోడ్డు అని రైలు స్టేషన్లు చదివినట్టుంది. అది ఎవరితోనో గట్టిగా కొట్లాడి రాసిన మాట. ఎవరితో కొట్లాడినారో తెల్సునా నీకు?" అన్నాడు. నాకు తెలియదు. మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. అది ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ కొట్లాట ఇదీ. పదిహేడు వందల ఏళ్ళ కింద అలెగ్జాండ్రియా అనే రేవు పట్నంలో ఒక చర్చి పెద్ద ఉండేవాడు. తండ్రి అంటే ముందుండాలి కదా, కొడుకు అంటే తర్వాత రావాలి కదా, అట్లయితే కుమారుడు లేని సమయం ఒకటి ఉండి తీరాలి కదా అన్నాడాయన. అంటే కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టిలో మొదటివాడే గాని తండ్రితో సమానుడు కాడు. చెప్పి ఊరుకోకుండా దాన్ని పాటలుగా కట్టాడు. ఓడల వాళ్ళు, తిరగళ్ళు తిప్పేవాళ్ళు, బాటసారులు పాడుకున్నారు. అదే ఊరి చర్చిలో పరిచర్య చేసే కుర్ర డీకను ఒకడు అడ్డం తిరిగాడు. కుమారుడు కూడా చేయబడినవాడే అయితే మనల్ని కాపాడేది ఎవరు, మనలాంటి ఇంకొకడా అని నిలదీశాడు. గొడవ ముదిరి, చక్రవర్తి దేశదేశాల బిషప్పులను నికయ అనే ఊరికి పిలిపించాడు. పెద్ద ఓడిపోయాడు. ఆయన్ని దేశం దాటించారు. ఆ పోట్లాటలోంచి పుట్టిన మాటలే మేము ఆదివారం నిలబడి చెప్పేవి.

పెద్దనాయన దీన్ని క్రిస్మస్ నాటకంగా రాశాడు. అది కూడా హార్మణీ పెట్టుకుని పద్యాలు పాడే నాటకంగా. పాత్రలకు పేర్లు పెట్టలేదు. "పేరు పెడితే మనోళ్ళు పేరును తిట్టుకోని ఇంటికి పోతారు. మాట వినరు," అనేవాడు. అందుకని అందులో ఉండేది పెద్ద, డీకను, చక్రవర్తి, అంతే. మా ఊళ్ళోనే గొర్రెలు కాసుకుంటూ పౌరాణిక నాటకాలకు హార్మణీ వాయించే ఒక తాత ఉన్నాడు. చర్చి మనిషి కాడు. అయినా పెట్టె భుజాన వేసుకుని వచ్చేవాడు, చక్రవర్తికి కిరీటం కూడా తనే తెచ్చేవాడు. ఆ కిరీటంలో నెమలీక ఊడదీయడం మర్చిపోతే చక్రవర్తి దాంతోనే సభ తీర్చాడొక ఏడు. సాయంత్రం ఆరాధన అవగానే మొదలుపెట్టి, ఆఖరి బస్సు వచ్చేలోగా ముగించాలి. అందుకే మా నాటకంలో చక్రవర్తి ఎప్పుడూ తొందరలో ఉండేవాడు.

డీకను వేషం నాది. డీకను పాడాల్సిన సీసపద్యం చూసి మగపిల్లలందరూ పారిపోయారు. డీకనుకు గడ్డం ఉండదు కాబట్టి నేను సరిపోతానన్నాడు పెద్దనాయన. ఓడిపోయే ఆ చర్చి పెద్ద వేషానికి మాత్రం ఎవరూ దొరకలేదు. క్రిస్మస్ నాడు క్రీస్తును తగ్గించి పాడేవాడుగా ఎవడు నిలబడతాడు? చివరికి తనే గడ్డం అంటించుకుని ఎక్కాడు.

ఆయన చేసిన పొరపాటు అక్కడే ఉంది. నన్నడిగితే మా ఇంటివాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు అది. గెలిచే పక్షానికి గౌరవంగా ఉండాలని డీకను నోట్లో బరువైన పద్యం పెట్టాడు. ఓడిపోయే పక్షం మీద జాలిపడి దానికి పొలం పాట వరస కట్టాడు.

కొండ ముందు, నీడ వెనక – ఒప్పుకో
తండ్రి ముందు, కొడుకు వెనక – ఒప్పుకో
కొడుకు లేని కాలమొకటి ఉన్నదీ
ఉన్నదన్న మాట చెప్పి తప్పుకో

పెద్దనాయన చెయ్యి చాపి "ఒప్పుకో" అంటే కింద కూర్చున్న జనం కూడా "ఒప్పుకో" అనేవాళ్ళు. తర్వాత నేను లేచి పద్యం ఎత్తుకుంటే ఆడవాళ్ళు పిల్లల ముక్కులు తుడుచుకునేవాళ్ళు. నాటకంలో నేను గెలిచేదాన్ని. మర్నాడు ఊరంతా ఆయన పాటే. మిరపకాయలు కోసేవాళ్ళు పాడారు, కంది కొట్టేవాళ్ళు పాడారు. కూలికి పక్క ఊళ్ళనుంచి ఆటోల్లో వచ్చేవాళ్ళు నేర్చుకుని వాళ్ళ ఊళ్ళకు తీసుకుపోయారు. వాళ్ళకు అది కొండా నీడా పాట, అంతకుమించి ఏమీ కాదు. ఎవరి గురించో వాళ్ళకు పట్టలేదు.

సంఘ పెద్దలకు పట్టింది. పొలాల్లో క్రీస్తును తక్కువ చేసి పాడుతున్నారని, పాడించింది మన సారేనని గుబులు పుట్టింది. పాట తీసేయమన్నారు. "తీసేస్తే డీకను ఎవరితో కొట్లాడతాడు? గోడతోనా?" అన్నాడు పెద్దనాయన. పోనీ, నాటకం అయ్యాక గడ్డం తీసేసి స్టేజీ మీదికొచ్చి నేను ఇది నమ్మను, విశ్వాస ప్రమాణమే నమ్ముతానని ఒక్క మాట చెప్పమన్నారు. దానికీ ఒప్పుకోలేదు. "ప్రతి ఆదివారం మీ పక్కన నిలబడి చెప్తానే ఉన్నా కదయ్యా. మీరందరూ ఒకసారి చెప్తే చాలు, నేను మాత్రం రెండుసార్లు చెప్పాల్నా?" అన్నాడు. నాటకం ఆగిపోయింది. బల్ల దగ్గరికి రావద్దన్నారు.

ఆ తర్వాత ఆయన తలుపు పక్క ఆఖరి బెంచీలో కూర్చునేవాడు. విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు అందరికంటే ఆయన గొంతే గట్టిగా వినపడేది. బల్లకు పిలిచినప్పుడు పెద్దమ్మ లేచి పోయేది, ఆయన మోకాళ్ళు పక్కకు తిప్పి ఆమెకు దారి ఇచ్చేవాడు. ఆమె తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ తిప్పేవాడు. మార్కాపురం నుంచి వచ్చిన ఆదివారాల్లో నేను అది చూడలేక చెప్పుల కోసమన్నట్టు బయటికి పోయి తిరిగేదాన్ని. అన్నేళ్ళలో ఆయన ఒక్కరిని కూడా తిట్టలేదు. అది కూడా నాకు కోపమే.

నా పనేమో ఉందా లేదా తేల్చడం. మలేరియా ఉందా, లేదా. చక్కెర ఉందా, లేదా. ఆయన్ని అట్లా తేల్చలేకపోయాను. "నిజం చెప్పు పెద్దనాయనా, నువ్వు ఏ పక్షం?" అని ఎన్నిసార్లు అడిగానో. "కిటికీ పక్షం. గాలి బాగా వస్తాది," అనేవాడు. ఇంకోసారి, "రిపోర్టు సాయంత్రం ఇస్తాంలేమ్మా, పోయిరా," అని నా మాట నాకే అప్పచెప్పాడు. ఒక్కసారి మాత్రం ఆటలు లేకుండా మాట్లాడాడు. "తప్పు నాదే. సగం నాటకమే ఊళ్ళోకి పోయింది. ప్రశ్న పోయింది, జవాబు స్టేజీ మీదనే ఉండిపోయింది." మరి జవాబుకు కూడా మంచి పాట కట్టకూడదా అన్నాను. "జవాబు పాట ఉంది. అది నాది కాదు. కట్టిన మనిషి ఇయ్యనంటే నేనెట్ల పెడతా?" అన్నాడు. ఇది కూడా పరాచికమే అనుకున్నాను.

వాళ్ళకు పిల్లల్లేరు. దాని గురించి వాళ్ళు మాట్లాడడం నేను వినలేదు. నన్ను మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు పుట్టినాకనే నేను పెద్దనాయన అయినా. అంతకుముందు వట్టి సారునే," అనేవాడు. చాలాసార్లు అనేవాడు. పెద్దమ్మ వంటింట్లోంచి, "సారుకు పొయ్యిలోకి కట్టెలు తెచ్చే పని కూడా ఉంది," అని కేక వేసేది. నాటకం అంటే ఆమెకు గిట్టదనే అనుకునేవాళ్ళం. రిహార్సళ్ళు వాళ్ళ వాకిట్లోనే జరిగేవి, టీలు కాయలేక ఆమెకు విసుగు. "మీ పంచాయతీ తీరేదెప్పుడు, నా గిన్నెలు తోముకునేదెప్పుడు?" అనేది.

నేను చేరేసరికి వాకిట్లో షామియానా వేసి ఉంది. పెద్దనాయన గాజు పెట్టెలో ఉన్నాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద తెల్ల గడ్డం అట్లాగే ఉంది. ఎవరూ పూర్తి చేయలేదేమని కోపం వచ్చింది, మళ్ళీ పెద్దమ్మే వద్దన్నదని తెలిసి ఊరుకున్నాను. సంఘ పెద్దలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడడం లేదు. అయ్యగారు చిన్నవాడు, మా ఊరికి వచ్చి ఏడాది కూడా కాలేదు, ఆ నాటకం చూసి ఎరుగడు.

పెద్దల్లో అందరికంటే వయసైనాయన మొదలుపెట్టాడు. "సారు మంచోడు. మా పిల్లోళ్ళకు చదువు చెప్పినోడు. కాదనం. కానీ ఒక్క మాట అడిగితిమి, అది చెప్పకనే పోయినాడు. ఆ మాట లేకుండా గంట ఎట్ల కొట్టేది?"

హార్మణీ తాత షామియానా కొయ్య దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. లేవకుండానే అన్నాడు. "నేను రాచ్చసుల వేషాలకు జన్మంతా వాయించినా సామీ. రాచ్చసుడి వేషం ఏసినోడు మర్నాడు మేకల్ని తోలుకోని పోయినాడు గానీ ఎవర్నీ పీక్కోని తినలేదు. మీ సారు ఏసిన గడ్డం అదేమన్నా నిజం గడ్డమా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అయ్యగారు నా వైపు తిరిగాడు. "అమ్మా, నాటకంలో ఆయనకు ఎదురు నిలబడింది మీరంట కదా. మీకు దగ్గర. ఆయన ఏమి నమ్ముతున్నారో మీతో ఎప్పుడైనా చెప్పినారా? మీరు చెప్పినారంటే చాలు, నేను వస్తా."

చెప్పాడు అంటే సరిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. గాజు పెట్టెలో ఆ సగం గీసిన గడ్డం చూస్తే నోరు రాలేదు. అన్నేళ్ళు బల్లకు దూరంగా కూర్చుని కూడా ఆయన అనని మాటను, పోయిన పూట నేను ఆయన నోట్లో పెట్టడమా?

"నాకు తెలీదు అయ్యగారూ," అన్నాను. "ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. కానీ ఆదివారం మీ అందరి పక్కన నిలబడి గట్టిగా చెప్పినాడు కదా, అది మీరు విన్నారు కదా. అది వేషమని ఎట్ల అనుకున్నారు? మీరు చెప్పేటప్పుడు ఇది వేషమా నిజమా అని మిమ్మల్ని ఎవరన్నా అడిగినారా?"

అయ్యగారు కింద చూస్తూ, "నన్ను ఎవరూ అడగలేదు," అన్నాడు. పెద్దాయన కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు. "సరే. గంట కొట్టిద్దాం. ఆ పాట మాత్రం ఎవరి నోటా రాగూడదు," అన్నాడు. పెద్దమ్మ తల ఊపింది. ఆమెకు నా మీద కోపం వచ్చిందేమోనని భయపడ్డాను. అబద్ధమాడి ఉంటే ఈ షరతు కూడా ఉండేది కాదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మా సమాధుల తోట ఊరి బయట, మిరప చేలను ఆనుకుని ఉంటుంది. కంచె కూడా సరిగా లేదు. పొద్దు వాలుతుండగా తీసుకుపోయాం. గంట మోగింది. కీర్తన పాడాం, అయ్యగారు వాక్యం చదివాడు, పెట్టె దించారు. అందరం పిడికెడు మట్టి తీసుకుని ఒక్క క్షణం ఆగాం, ప్రార్థన కోసం.

ఆ నిశ్శబ్దంలో పక్క చేలోంచి పాట లేచింది. ఆటోలో పక్క ఊరినుంచి వచ్చిన కూలీలు. వాళ్ళకు మా షరతులు తెలియవు, పోయింది ఎవరో కూడా తెలియదు. వంగి కాయలు కోసుకుంటూ ఎప్పుడూ పాడుకునేదే పాడుకుంటున్నారు. కొండ ముందు, నీడ వెనక, ఒప్పుకో. తండ్రి ముందు, కొడుకు వెనక, ఒప్పుకో.

పారలు పట్టుకున్నవాళ్ళు తలలెత్తారు. పెద్దాయన ముఖం నల్లబడింది. పోయి ఆపమందామా అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. అయ్యగారికి పాట కొత్త, అయినా ఇది ఆ పాటేనని ఆ ముఖాలు చూసి అర్థమైంది. హార్మణీ తాత వేళ్ళు తొడమీద వాటంతట అవే కదులుతున్నాయి. కొడుకు లేని కాలమొకటి ఉన్నదీ అని చేలో చివరి వరస దాకా సాగదీశారు. జవాబు చెప్పాల్సిన డీకనును నేను. నాకు ఆ సీసపద్యంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

పెద్దమ్మ పాడింది.

పొద్దు ముందు, ఎండ వెనక – అందువా?
ఎండ లేని పొద్దు నువ్వు చూస్తివా?
బిడ్డ లేని నాడు ఎవరు నాయనా?
నాయనంటె బిడ్డ ఉండె – ఒప్పుకో

అదే వరస. అదే తాళం. గొంతు పెంచలేదు, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టే పాడింది. ఆమె పాడగా నేను వినడం అదే మొదలు. చేలో ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. వాళ్ళకు తెలిసిన పాటకు రెండో సగం ఉందని అప్పుడే తెలిసింది. వాళ్ళలో ఒకామె నవ్వి, మళ్ళీ వినాలనో ఏమో, కొండ ముందు అని అందుకుంది. పెద్దమ్మ మళ్ళీ చెప్పింది. ఈసారి "ఒప్పుకో" దగ్గర చేలోవాళ్ళు కూడా కలిశారు. అయ్యగారు పుస్తకం మూసి మెల్లగా ఆమేన్ అన్నాడు. పెద్దాయన ముందుకొచ్చి పిడికిట్లో మట్టి వేశాడు.

ఇంటికి వచ్చాక అడిగాను. "ఎప్పుడు కట్టినావు పెద్దమ్మా అది?"

"ఎప్పుడేంది? మీ పెద్దనాయన పొద్దున్నే అద్దం ముందర నిలబడి రోజూ అదే పాడతాడు. ఎవరో ఒకరు జవాబు చెప్పాల్నా లేదా? పొయ్యికాడనుంచే చెప్పేదాన్ని."

"ఆయనేమనేవాడు?"

"నవ్వేవాడు. రెండో రోజు మళ్ళీ అదే పాడేవాడు. నాటకంలో పెడతా ఇయ్యమని బతిమాలినాడు. నేనే వద్దన్నా. మీ మొగోళ్ళ సభలో నా పొయ్యికాడ మాట ఎందుకని." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఈ పొద్దు కూడా పాడినాడే. నేను చెప్పినా. నవ్వు వినపడలా. ఏందా అని బయటికి వచ్చి చూసినా." అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే మెలకువ వచ్చి వాకిట్లో తిరుగుతున్నాను, కుదురుగా నిలబడడం నాకు చేతకాదు కదా. పెద్దమ్మ పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది. వేపకొయ్యకు మేకు, మేకుకు అద్దం, అద్దం కింద గూట్లో ఆరిపోయిన సబ్బు బ్రష్షు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన గడ్డం గీసుకునే వేళైంది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. పెద్దమ్మ ఎదురుచూస్తోందని అర్థమైంది. తను ఎదురుచూస్తున్నట్టు ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు.

అద్దం ముందు నిలబడ్డాను. నా వేషం కాదు అది, ఎప్పుడూ కాలేదు. గొంతు సవరించుకుని, కొండ ముందు, నీడ వెనక, ఒప్పుకో అని ఆయన వంతు నేను పాడాను.

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. తర్వాత వంటింట్లోంచి జవాబు వచ్చింది.